కొట్టం హర్రాజులో మన ఊళ్ళ చరిత్ర

హర్రాజు అనే మాట తెలుగువాళ్ళ నోట ఎప్పుడో కుదురుకుపోయింది. అది అరబ్బీ 'హరాజ్' నుంచి ఉర్దూ మీదుగా మన పల్లెలకు వచ్చిందని ఇప్పుడెవరికీ తోచదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కేక పడుతుంది, సరుకు ఒక చేతి నుంచి మరొక చేతికి పోతుంది. గత కొన్నేళ్ళుగా మేము కొందరం మన సంఘం తరఫున ఇటువంటి హర్రాజులకు పనిగట్టుకుని తిరుగుతున్నాం. కొనడానికి మా దగ్గర పెద్ద డబ్బేమీ లేదు. చూడ్డానికి, రాసుకోడానికి పోతున్నాం. అక్కడ చూసినదాంట్లో కొంత ఈ సంచికలో సభ్యుల ముందు పెడుతున్నాం.

ఇవి బ్యాంకు హర్రాజుల వంటివి కావు. పల్లెలో ఒక పాత దేవిడీ ఉంటుంది. ముసలివాళ్ళు పోయారు. కొడుకులు జిద్దాలోనో, చికాగోలోనో, హైదరాబాదులో టోలీచౌకీలోనో స్థిరపడ్డారు. పైకప్పు కారుతున్నది, గోడ ఒకపక్క ఒరిగింది. అన్నదమ్ములు పది రోజుల సెలవు మీద వచ్చి ఇల్లు అమ్మకానికి పెడతారు. ఇంటికంటె ముందు ఇంట్లో సామాను ఖాళీ చెయ్యాలి గదా! పశువుల కొట్టంలో, ధాన్యం అర్రలో మూడు నాలుగు తరాల సామాను పడి ఉంటుంది. దానిని వాకిట్లోకి లాగి బేరం పెడతారు. అమెరికాలో కూడా పల్లెల్లో శనివారాలు ఇట్లాగే కొట్టాలు తెరిచి అమ్ముతారనీ, దానిని 'బార్న్ సేల్' అంటారనీ అక్కడున్న మన పిల్లలు చెప్పారు. అక్కడ ఎవరి ఇల్లు, ఎప్పటిది అని వివరం అడిగి మరీ కొంటారట. మన దగ్గర ఎన్ని కిలోలు అని అడుగుతారు.

ఏ ఊరికి పోయినా అమ్మకం వరుస ఒక్కటే. ముందు టేకు. దూలాలు, వాసాలు, స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు. ఇవి పట్నం నుంచి లారీ వేసుకుని వచ్చే కలప వర్తకులకు. తరువాత ఇత్తడి, రాగి. ఆ తరువాత పాన్‌దాన్లు, ఉగాల్‌దాన్లు, బిద్రీ హుక్కా బుడ్లు, గోడ గడియారాలు. వీటికి అంగడి పెట్టుకున్న పాత సామానువాళ్ళు వేరే ఉన్నారు. మామూలు సరుకు జుమేరాత్ బజారుకు పోతుంది, మంచిది పెద్ద పెద్ద హోటళ్ళ వరండాల్లోకి పోతుంది. తరువాత గోలేలు, గుమ్ములు, కుంచాలు, నాగళ్ళు, బండి చక్రాలు. ఇవన్నీ అయినాక సాయంత్రం చీకటి పడే వేళకు ఇనప తుక్కువాడు తక్కెడ పట్టుకుని వస్తాడు. వాడి వంతుకు మిగిలేది రేకులు, సీసాలు, కాగితాలు.

మేము ఆ ఆఖరు వంతు కోసం పోతున్నాం.

ఈ ఇళ్ళు ఎవరివో ముందు కొంచెం చెప్పుకోవాలి. 'దేవిడీ' అనగానే నవాబులు, ఏనుగులు గుర్తుకొస్తాయి. అది సగం నిజం కూడా కాదు. నిజాం రాజ్యంలో భూమి ఒక్క తీరుగా ఉండేది కాదు. సర్కారుకు నేరుగా శిస్తు కట్టే ఖాల్సా గ్రామాలు కొన్ని. నిజాం సొంత ఖర్చుకు ఉన్న సర్ఫెఖాస్ కొన్ని. ఇవిగాక పాయెగాలు, జాగీర్లు, సంస్థానాలు, మఖ్తాలు, ఇనాములు. రాజ్యంలో మూడో వంతుకు మించిన భూమి ఈ ఖాల్సా కాని రకాల కిందనే ఉండేది. వనపర్తి, గద్వాల వంటి సంస్థానాలు హిందూ ప్రభువులవి. జాగీర్దార్లలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. పల్లెల్లోని ముస్లిం ఇళ్ళలో మాత్రం ఎక్కువ భాగం జాగీర్దార్లవి కావు. ఖాజీలు, ఖతీబులు, ముల్లాలు, దర్గా ముజావర్లు, తాలూకా కచేరీ గుమాస్తాలు, అమీన్లు, చిన్న ఇనాందార్లు కట్టుకున్నవి. పది ఇరవై ఎకరాల ఇనాం, ఒక పెంకుటిల్లు, వెనకాల కొట్టం, వాకిట్లో ఒక వేప చెట్టు. దానినే ఊళ్ళో వాళ్ళు గౌరవంగా 'దేవిడీ' అన్నారు.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన పోలీసు చర్యతో ఆ రాజ్యం పోయింది. దానికి ముందు రజాకార్లు పల్లెల మీద చేసిన దౌర్జన్యం ఎంత నిజమో, దాని తరువాత ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాల మీద పడిన కష్టం అంతే నిజం. నెహ్రూ గారు పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో దెబ్బ ఎక్కువ. మన తెలంగాణ పల్లెల్లో అంత కాకపోయినా భయం మాత్రం అందరికీ తగిలింది. ఎందరో తలుపుకు తాళం వేసి పట్నం చేరారు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. 1950లో కౌలుదారీ చట్టం, 1955లో ఇనాముల రద్దు చట్టం, 1973లో భూపరిమితి చట్టం వచ్చాయి. మేము చూసిన కొట్టాల్లో చాలావాటికి మొదటి తాళం పడింది 1948లో. ఇప్పుడు తెరుస్తున్నది మనవళ్ళు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ ఇళ్ళను చూసి కన్నీళ్ళు పెట్టుకునే వ్యాసం రాయాలని మాకు లేదు. వెట్టి చేసినవాళ్ళ చెమట ఈ గోడల్లో ఉంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో గడీల మీదకు పోయిన జనం మొదట తగలబెట్టింది అప్పు పత్రాలను. ఎందుకు తగలబెట్టారో ఆ పత్రాలు చదివినవాడికి తెలుస్తుంది. రెండు పుట్ల జొన్నలు అప్పు తీసుకున్నవాడు తన కొడుకును జీతం పెట్టిన కాగితం మేమే ఒక బస్తాలో చూశాం. అది కూడా చరిత్రే. దానిని కూడా దాచాము.

సరే, ఇల్లు చూడగానే ఎప్పటిదో కొంత పోల్చుకోవచ్చు. గోడ మట్టిదా, డంగు సున్నందా? సున్నం గోడను గోటితో గీకితే రాలదు. మట్టి గోడ మీద సున్నం పూత అయితే వాన తగిలిన చోట పొర లేస్తుంది. పెద్ద ఇళ్ళలో మర్దానా ముందు, జనానా వెనక, మధ్యలో సహన్. చిన్న ఇళ్ళకు అంత స్థలం లేక ఒక వెదురు చిల్మన్‌తోనే రెండు భాగాలు చేసేవారు. ఆ చిల్మన్ కట్టిన కొక్కేలు ద్వారబంధం మీద ఇంకా ఉంటాయి, చూడండి. పెంకు విషయంలో మేము మొదట బోర్లా పడ్డాం. ఒక ఇంటి కప్పు మీద మంగుళూరు పెంకు తీసి చూస్తే దాని మీద కంపెనీ పేరుతో బాటు 1865 అని అచ్చు పడి ఉంది. ఇల్లు 1865 నాటిదని మా నోటు పుస్తకంలో రాసేశాం, ఇంటివారికి చెప్పి సంతోషపెట్టాం కూడా! తరువాత తెలిసింది. బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం 1865. ఆ అంకెను తమ గుర్తుగా ఏళ్ళ తరబడి పెంకుల మీద వేశారు. ఆ ఇల్లు అంతకు అరవై ఏళ్ళు చిన్నదని తరువాత ఇంట్లో దొరికిన మేస్త్రీ లెక్క చీటీ చెప్పింది. పాత సామాను వర్తకులు ఇప్పటికీ ఆ పెంకులను '1865 నాటివి' అనే అమ్ముతున్నారు.

సామానులో మాకు అన్నిటికంటె ఇష్టమైనవి రాగి దేగులు. బిద్రీ సామాను అందమైనదే. జస్తు, రాగి కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, బీదరు కోట మట్టితో నలుపు తెప్పించే ఆ పనితనం లోకప్రసిద్ధం. కాని బిద్రీ బుడ్డి తన యజమాని పేరు చెప్పదు. దేగు చెబుతుంది. పెళ్ళికి జహేజులో ఇచ్చిన గిన్నెల అంచు మీద మేకు మొనతో చుక్కలు చుక్కలుగా కొట్టి పేరు రాయించడం మన ఇళ్ళలో ఆనవాయితీ. ఊళ్ళో దావతులకు ఒకరి దేగు మరొకరి ఇంటికి పోతుంది గనుక, మళ్ళీ గుర్తుపట్టి తెచ్చుకోడానికి. ఆ చుక్కల్లో ఎందరో ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయి. పహాణీలో వాళ్ళ పేరు లేదు, సనదులో లేదు, ఇంటి షజరాలో కూడా 'ఫలానావారి భార్య' అని తప్ప లేదు. రాగి మీద మాత్రం పేరు, తండ్రి పేరు, హిజ్రీ సంవత్సరం స్పష్టంగా ఉన్నాయి. పోయిన ఏడు ఒక అమ్మకంలో అటువంటి దేగులు 7 ఉన్నాయి. కళాయి పోయి నల్లబడి ఉంటే తుక్కు కింద తూచారు. పేర్లు రాసుకునే లోపల నాలుగు బండికెక్కినయి. మిగిలిన 3 సంఘం కొన్నది. ఒకదానికి కళాయి పెట్టించి మసీదు ఇఫ్తార్లకు వాడుతున్నాం. కళాయి లేకుండా వాడకూడదు. పులుపు తగిలితే రాగి విషమవుతుంది. పెద్దలకు తెలుసు, పిల్లలకు తెలియదు కాబట్టి రాస్తున్నాం.

నాణేలు, కొలతలు కూడా ఊరి లెక్క చెబుతాయి. హైదరాబాదుకు తన సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. 7 హాలీ రూపాయలు ఇంగ్లీషువారి 6 రూపాయలకు సమానం. ఇంగ్లీషు రూపాయిని మనవాళ్ళు 'కల్దార్' అనేవారు. పాత చీటీలో ఫలానా సొమ్ము అని ఉంటే అది హాలీయా, కల్దారా అని చూడకుండా లెక్క కట్టరాదు. ధాన్యం కొలిచే కుంచాలు, మానికలు ఒకే ఇంట్లో రెండు సైజులవి మేము రెండు చోట్ల చూశాం. ఇచ్చేటప్పుడు ఒకటి, పుచ్చుకునేటప్పుడు ఒకటి అని ఊరివాళ్ళు నవ్వారు. ఇంటివారు ఒప్పుకోలేదు. మేము రెండింటి ఫోటో తీసుకున్నాం.

కాగితాల సంగతికి వద్దాం. నిజాం రాజ్యంలో 1880ల దాకా కచేరీ భాష ఫారసీ. ఆ తరువాత ఉర్దూ. పట్వారీ మాత్రం తన ఊరి లెక్క తెలుగులోనే రాసుకున్నాడు. అందువల్ల ఒకే బస్తాలో మూడు భాషలు కలిసి ఉంటాయి. ఉర్దూ బాగా వచ్చినవాడు గూడా పాత కాగితం ముందు తెల్లమొహం వేస్తాడు. అక్షరాలు షికస్తా, అంటే విరిగిన రాత. చుక్కలుండవు, మాటలు ఒకదానిలోకి ఒకటి ఒరిగిపోతాయి. అంకెలైతే మరీ ఘోరం. సొమ్మును 1, 2, 3 అని రాయరు. నూరుకు, వెయ్యికి ఉన్న అరబ్బీ మాటలను కుదించి గీతలుగా మార్చిన 'సియాఖ్' పద్ధతిలో రాస్తారు. దానినే వాడుకలో రఖం అంటారు. అది చదవగలిగిన పెద్దలు మాకు తెలిసినంతలో ఇద్దరు ముగ్గురే మిగిలారు. వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రవాళ్ళు కావాలి. సంఘం ఆఫీసులో పేరు ఇవ్వండి.

తేదీలో ఇంకో చిక్కు. కాగితం మీద 1330 అని ఉంది అనుకోండి. అది హిజ్రీ అయితే 1912. ఫసలీ అయితే 1920-21. తొమ్మిదేళ్ళ తేడా! ఫసలీ అంటే పంటల లెక్క సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హైదరాబాదులో అది అక్టోబరులో మొదలయ్యేది, మద్రాసు వైపు జూలైలో. నెల పేరు చూస్తే తెలిసిపోతుంది. ముహర్రం, సఫర్ అని ఉంటే హిజ్రీ. ఆజర్, దై, బహ్మన్ అని పార్శీ నెలలుంటే ఫసలీ. ఈ చిన్న తేడా తెలియక ఆస్తి దావాలలో తాత పుట్టకముందే తాత సంతకం పెట్టినట్టు వాదించినవాళ్ళున్నారు.

ఈ కాగితాలు ఎందుకు అనే ప్రశ్న ఎవరైనా వేస్తారు. మేము నల్లగొండ జిల్లాలో ఒక ఊరికి పోయినప్పటి సంగతి చెబుతాం. ఊరి పేరు, ఇంటి పేరు రాయడం లేదు, అది ఆ ఇంటివారి కోరిక. ఖతీబుల ఇల్లు. మేము చేరేటప్పటికి టేకు, రాగి అయిపోయినయి. కొట్టంలో ఒక పాత గుమ్మి ఉంది. వెదురుతో అల్లి పేడ అలికిన ధాన్యం గుమ్మి. అడుగున జానెడు ఊక, ఊక కింద ఒక గోనె బస్తా. ఎలుకల నుంచి దాచారో, మనుషుల నుంచి దాచారో! 1948లోనే దాచారని ఇంటావిడ అభిప్రాయం. తుక్కువాడు అప్పటికే బస్తా తక్కెడకు తగిలించాడు.

"పదకొండు కిలోలున్నది సార్. తడి ఉన్నది, పది కిలోల లెక్కనే ఇస్త" అన్నాడు.

పెద్దబ్బాయి జిద్దా నుంచి వచ్చినవాడు, మంచివాడు. మమ్మల్ని చూసి, "చాచా, ఆ చెత్త మీకెందుకు? లోపల తాత గారి గడియారం ఉంది, అది తీసుకోండి, డబ్బులొద్దు" అన్నాడు. గడియారం వద్దన్నాం. కిలో 12 రూపాయల చొప్పున తుక్కువాడికిచ్చి బస్తా తెచ్చుకున్నాం.

అందులో సగం శిస్తు రసీదులు. కొన్ని పెళ్ళి రుఖాలు, యునానీ మందుల చీటీలు, ఒక ఉర్దూ వాచకం, 1908 మూసీ వరదలో పోయిన బంధువుల గురించి హైదరాబాదు నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి. అన్నిటికింద ఒక మడతలో ముంతఖబ్. ఇనాముల విచారణ చేసే అతియాత్ శాఖ తన తీర్పు సారాన్ని ఇచ్చే పత్రాన్ని ముంతఖబ్ అంటారు. ఆ ఊరి మసీదుకు, ఖబరస్తాన్‌కు, ఆషుర్‌ఖానాకు కలిపి ఇచ్చిన ఇనాం అది. దేనికి ఎంత అని వివరంగా ఉంది. మసీదు రోషనీకి నూనె, ఫర్ష్‌కు చాపలు, ముఅజ్జిన్‌కు ధాన్యం, ముహర్రంలో షర్బత్. ఆషుర్‌ఖానాలో పీర్లను ఎత్తే ఇద్దరికి వేరే వాటా. ఆ ఇద్దరి పేర్లు హిందూ పేర్లు. తెలంగాణ పల్లెల్లో పీర్ల చావడిని హిందూ కుటుంబాలు చూసుకోవడం అందరికీ తెలిసిందే. కాని సర్కారు కాగితం మీద వాళ్ళ వాటా రాసి ఉండగా చూడడం మాకు అదే మొదలు. ఆ కుటుంబంవాళ్ళు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నారు. పిలిచి చదివి వినిపిస్తే ముసలాయన చాలాసేపు మాట్లాడలేదు. "మా తాత చెప్పేటోడు, మేము నమ్మలే" అన్నాడు.

అసలు సంగతి ఖబరస్తాన్. ఆ ఊరి ఖబరస్తాన్ రెవెన్యూ రికార్డులో సర్కారీ భూమిగా ఎక్కి ఉంది. 1954-55 ఖాస్రా పహాణీలో ఎట్లా రాశారో తరువాత అన్నీ అట్లానే దిగుతూ వచ్చాయి. రోడ్డు వెడల్పయ్యాక ఆ స్థలం మీద అందరి కన్నూ పడింది. ఇప్పుడు ముంతఖబ్‌లో హద్దులు ఉన్నాయి. తూర్పున చెరువు కట్ట, పడమర బండ్ల బాట, ఉత్తరాన తాటివనం, అని ఉంది. దక్షిణం హద్దు, విస్తీర్ణం, నంబరు రెండో కాగితం మీదికి పోయినయి. రెండో కాగితం బస్తాలో లేదు.

ఇంటావిడను అడిగాం. "అటువంటివే ఒక బస్తా పోయిన ఆదివారం పోయింది బేటా. ఇల్లు ఊడ్చేటప్పుడు ముందు దొరికింది అదే" అన్నది. పక్క టౌనులో తుక్కు కొట్టుకు పరుగెత్తాం. లారీ మూడు రోజుల ముందే కాగితం మిల్లుకు పోయిందని చెప్పారు. ఎన్ని కిలోలకు అమ్మారు అని అడిగితే ఆమె లెక్క చెప్పింది. నూట ఎనభై రూపాయలు.

వక్ఫు చట్టం 1954లో వచ్చింది, దాని స్థానంలో 1995 చట్టం వచ్చింది. సర్వే చేసి, గెజెట్‌లో వేసి, బోర్డులో రిజిస్టరు చెయ్యడం అనే పద్ధతి అప్పటినుంచీ ఉన్నదే. మన పల్లెల్లో చాలా ఖబరస్తాన్లు, ఈద్‌గాలు సర్వేకు తప్పిపోయాయి. అయినా తరతరాల వాడకమే వక్ఫుకు రుజువు అనే ఒక ఆసరా ఉండేది. 2025 సవరణ చట్టం ఆ ఆసరాను ముందు కాలానికి తీసివేసింది. ఇంతకుముందే రిజిస్టరు అయినవాటికే, అదీ తగాదా లేనివాటికీ, సర్కారు భూమి కానివాటికీ అది నిలుస్తుంది. చట్టం మంచిచెడ్డల మీద కోర్టుల్లో వాదాలు నడిచాయి, ఆ సంగతి వకీళ్ళకు వదులుదాం. ఒకటి మాత్రం మనకందరికీ అర్థమవుతుంది. రిజిస్టరు కాని ఖబరస్తాన్‌కు 'మా తాతలు ఇక్కడ పడుకున్నారు' అనే మాట ఒక్కటే ఇకమీద చాలదు. కాగితం కావాలి. ఆ కాగితం కొట్టంలో ఉంది, కొట్టం హర్రాజులో ఉంది.

ఆ ముంతఖబ్ నకలు సర్కారు దగ్గర లేకపోదు అని ఒక ఆశ. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబు కాలపు మొఘలు దఫ్తరాలు కూడా అక్కడ లక్షకు పైగా భద్రంగా ఉన్నాయి. మూడొందల యాభై ఏళ్ళ నాటి సిపాయి జీతం చీటీ దొరికే చోట మన ఖబరస్తాన్ రెండో కాగితం దొరక్కపోతుందా అని దరఖాస్తు పెట్టాం. జవాబు కోసం ఎదురు చూస్తున్నాం.

ఇళ్ళు ఖాళీ చేసే సభ్యులకు మేము నేర్చుకున్నవి నాలుగు ముక్కలు. కాగితాలను ఎండలో ఆరబెట్టకండి, నీడన గాలికి ఆరబెట్టండి. అంటుకుపోయిన పుటలను చేత్తో లాగకండి. లామినేషన్ అసలే వద్దు. ప్లాస్టిక్ కింద కాగితం ఉడికిపోతుంది, మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. ఏ పెట్టెలో, ఏ గూటిలో, దేనితో కలిసి దొరికిందో చీటీ రాసి పెట్టండి. మడత మీద మడత ఉన్నది ఉన్నట్టే ఫోటో తీయండి. పుస్తకాలు, రాతప్రతులు అయితే పంజాగుట్టలో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూ ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో రాతప్రతుల లైబ్రరీ ఉంది. జోర్ గారు ఆ రోజుల్లోనే పాత ఇళ్ళ రాతప్రతులను సేకరించి దాచకపోతే ఈ రోజు మనం చదివే దక్కనీ సాహిత్యంలో ఎంత మిగిలేదో!

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక హెచ్చరిక కూడా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువునూ, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతినీ దేశం దాటించకూడదు. దాదీమా గుర్తుగా పాత ఖురాన్ రాతప్రతి సూట్‌కేసులో పెట్టుకుని పోతే విమానాశ్రయంలో చిక్కు వస్తుంది. ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు, బయటికి పంపడమే తప్పు.

ఇల్లు నిలబడి ఉన్నా చరిత్ర నిలబడుతుందన్న నమ్మకం లేదు. బనగానపల్లెలో నవాబుల బంగళా ఒకటి గుట్ట మీద ఉంది. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం, ఆ సంవత్సరమే మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమా ఆ బంగళాలో తీశారు. ఇప్పుడు అక్కడికి బస్సుల్లో వచ్చే జనానికి అది 'అరుంధతి కోట'. మేమూ పోయాం. సినిమాలో దయ్యం ఏ గదిలో ఉందో పిల్లలు మాకు చూపించారు. నవాబు గారు ఏ గదిలో ఉన్నారో అడిగితే వాళ్ళకు తెలియదు. వాళ్ళ తప్పేముంది, చెప్పినవాళ్ళెవరు?

నల్లగొండ జిల్లా ఆ ఇంటి ఇంటావిడ మొన్న మళ్ళీ కబురు పెట్టింది. ఆమె చెల్లెలి అత్తగారి ఇల్లు, మెదక్ వైపు, రంజాన్ తరువాత ఖాళీ చేస్తున్నారట. కొట్టం ఇంకా తెరవలేదట. హర్రాజు రోజున కాకుండా రెండు రోజులు ముందే రమ్మన్నది. బస్తాలు కట్టకముందే.